ఏసీ పాయింట్‌లో మైనింగ్ మెషీన్ పెట్టొచ్చా? బెంగళూరు అద్దె ఇంటి వైరింగ్ సంగతి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. మారతహళ్లి దగ్గర అద్దె ఇల్లు, మేడ మీద విడిగా ఒక గది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న యాంట్‌మైనర్ ఎస్19జె ప్రో మెషీన్లు రెండు, అంటే బిట్‌కాయిన్ మైనింగ్ కోసం రాత్రింబవళ్లు లెక్కలు కట్టే కంప్యూటర్లు. గదిలో ఏసీ కోసం పెట్టిన 16 ఆంప్స్ పాయింటు ఒకటి, బాత్‌రూమ్‌లో గీజర్ పాయింటు ఒకటి. వచ్చిన ఎలక్ట్రీషియన్ “ఏసీ నడిచే పాయింటే కదా సార్, ఒకటి ఇక్కడ పెట్టండి, రెండోదానికి గీజర్ లైన్ లాగేద్దాం” అన్నాడు. స్టెబిలైజర్ కావాలా, యూపీఎస్ కావాలా, ఇంటి ఇన్వర్టర్‌కి కలపొచ్చా, పాత జీపీయూ రిగ్ (గ్రాఫిక్స్ కార్డులతో కట్టిన మైనింగ్ కంప్యూటర్) కూడా అక్కడే పెట్టొచ్చా అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఏసీ పాయింట్‌లో పెట్టకండి, గీజర్ లైన్ అసలు ముట్టుకోకండి. ఒక్కో మెషీన్‌కి డీబీ (ఇంటి స్విచ్‌ల పంపిణీ పెట్టె) నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 20 ఆంప్స్ సీ కర్వ్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్), చివర నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్. మీ ఏరియాలో వోల్టేజ్ సరిగా ఉంటే స్టెబిలైజర్ అక్కర్లేదు. యూపీఎస్ రౌటర్‌కి చాలు. ఇన్వర్టర్ జోలికి పోవద్దు. ఇవన్నీ మొదలుపెట్టే ముందు కరెంటు బిల్లు తీసి మంజూరైన లోడ్ ఎంతో చూడండి, ఎందుకంటే మీ ప్లాన్ అక్కడే ఆగిపోవచ్చు. నేను చేసేది ప్యానెల్ బోర్డులు, చిన్న సర్వర్ గదుల వైరింగ్ పని. మైనింగ్ గదులు కూడా కొన్ని చేశాను, కొన్ని పీకించాను. కాబట్టి కారణాలు కాస్త విడమరిచి చెప్తాను.

మీ ఎలక్ట్రీషియన్ అన్నదాంట్లో లెక్క తప్పు లేదు. మెషీన్ 3050 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 13.3 ఆంప్స్. సాకెట్ మీద 16 అని రాసి ఉంది. సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఆయన లెక్కలోకి రానిది టైము. గీజర్ పావుగంట, ఇరవై నిమిషాలు నడిచి థర్మోస్టాట్ కట్ చేస్తుంది. ఏసీ అయితే గది చల్లబడ్డాక కంప్రెసర్ ఆగుతుంది, ఇన్వర్టర్ ఏసీ అయితే తగ్గుతుంది. వేడెక్కిన పిన్ను, స్క్రూ, వైరు చల్లబడటానికి టైము దొరుకుతుంది. మైనింగ్ మెషీన్‌కి ఆ విరామం లేదు. రాత్రి మూడింటికీ 13.3 ఆంప్సే, ఆదివారమూ 13.3 ఆంప్సే. మన ఇళ్లలో వైరింగ్ చేసేవాళ్లు ఇలాంటి లోడ్‌ని దృష్టిలో పెట్టుకుని చేయరు. చేయాల్సిన అవసరమూ ఇన్నాళ్లూ రాలేదు. నిరంతరం నడిచే లోడ్‌ని సర్క్యూట్ కెపాసిటీలో 80 శాతం దాటనివ్వకూడదు అన్నది మా పనిలో పాత పద్ధతి. 16కి 80 శాతం అంటే 12.8. మీ మెషీన్ ఒక్కటే దాన్ని దాటేసింది.

ఇక్కడ అందరూ అనేమాట ఒకటుంది: “ఏదైనా అయితే ఎంసీబీ పడిపోతుంది కదా.” పడదు. ఎంసీబీకి తెలిసేది తన గుండా ఎంత కరెంటు పోతోందన్నదే. లూజ్ కనెక్షన్ వల్ల కరెంటు పెరగదు, అది మామూలు 13.3 ఆంప్సే ఉంటుంది. కానీ ఆ లూజ్ దగ్గర 0.1 ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి. కరెంటు వర్గాన్ని రెసిస్టెన్స్‌తో గుణిస్తే సుమారు 18 వాట్లు వస్తుంది. అంటే గోడలోని ప్లాస్టిక్ సాకెట్ లోపల ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని ఆన్ చేసి వదిలేసినట్టే. ఆ వేడికి సాకెట్ లోపలి ఇత్తడి పట్టు సడలుతుంది, పిన్ను మీద ఆక్సైడ్ పొర చేరుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఇదంతా జరుగుతున్నంత సేపూ ఎంసీబీ హాయిగా ఆన్‌లోనే ఉంటుంది. నేను చూసిన మైనింగ్ గదుల్లో కాలినవి వైర్లు కావు. వైరు ఎక్కడ స్క్రూ కిందికి వెళ్తుందో, పిన్ను ఎక్కడ సాకెట్‌లోకి వెళ్తుందో, అక్కడే కాలాయి.

కేఆర్ పురంలో ఒక ఇంటికి పిలిచారు. మెషీన్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోందని ఫిర్యాదు. గదిలోకి వెళ్లగానే చేపలు మాడిన వాసన. వాళ్లేమో పక్కింటి వంటగది అనుకుంటున్నారు. స్విచ్‌లు, సాకెట్లు చేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వేడెక్కితే వచ్చే వాసన అచ్చం అలాగే ఉంటుంది, గుర్తుపెట్టుకోండి. మెయిన్ ఆఫ్ చేసి ప్లగ్ లాగితే రాలేదు. చివరికి ఊడదీస్తే ఫేజ్ పిన్ను నీలం, గోధుమ రంగుల్లోకి తిరిగిపోయి ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ పొంగి గట్టిపడింది. న్యూట్రల్ పిన్ను మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. రెండింటిలోనూ పోయిన కరెంటు ఒక్కటే. సాకెట్ వెనక ఫేజ్ స్క్రూ పూర్తిగా బిగించలేదు, అంతే తేడా.

ఇక్కడ మీ మెషీన్ కేబుళ్ల గురించి చెప్పాలి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఎస్19జె ప్రో పవర్ సప్లైకి రెండు ఇన్‌లెట్లు ఉంటాయి, రెండు సీ13 కేబుళ్లు (డెస్క్‌టాప్ కంప్యూటర్ వెనక గుచ్చే రకం) పెట్టాలి. లోడ్ రెండింటి మధ్యా పంచుకుంటుంది, ఒక్కోదాంట్లో 6.6 ఆంప్స్ పైచిలుకు. మనవాళ్లు ఏం చేస్తారంటే, కంప్యూటర్‌కి వాడే పాత కేబుళ్లు రెండు తీసి, ఒక స్పైక్ గార్డ్‌లో గుచ్చి, ఆ స్పైక్ గార్డ్‌ని కన్వర్టర్ ప్లగ్‌తో 16 ఆంప్స్ సాకెట్‌లో పెడతారు. కంప్యూటర్ కేబుల్‌కి ఉండే చిన్న ప్లగ్ 6 ఆంప్స్‌ది. అది అప్పుడే దాటిపోయింది. స్పైక్ గార్డ్ వైరులో మొత్తం 13 పైన పోతోంది, అది దానికోసం చేసింది కాదు. కన్వర్టర్ ప్లగ్ గురించి నేను మాట్లాడను. ఆ వస్తువు మైనింగ్ గదిలో కనిపిస్తే ముందు దాన్ని బయట పారేయండి. కేబుల్ మీద 10 ఆంప్స్ అని ముద్ర ఉండాలి, లోపల వైరు కనీసం 1 స్క్వేర్ ఎంఎం ఉండాలి. చౌకగా దొరికేవాటిలో 0.75 లేదా అంతకన్నా సన్నగా ఉంటుంది, తొడుగు మాత్రం లావుగా వేస్తారు. కేబుల్ మీద ముద్రించిన సైజు చదవకుండా కొనొద్దు. ఎస్పీ రోడ్‌లో మంచివీ ఉన్నాయి, ఇలాంటివీ ఉన్నాయి.

సరైన పద్ధతి ఏమిటంటే, ఇండస్ట్రియల్ సాకెట్ నుంచి సీ13 అవుట్‌లెట్లున్న పీడీయూ (సర్వర్ గదుల్లో వాడే గట్టి పవర్ స్ట్రిప్), దాన్నుంచి మెషీన్‌కి రెండు పొట్టి కేబుళ్లు. ఇండస్ట్రియల్ సాకెట్ 32 ఆంప్స్‌ది తీసుకోండి, వెనకాల ఎంసీబీ 20 ఉన్నా సరే. పిన్నులు లావుగా ఉంటాయి, పట్టు గట్టిగా ఉంటుంది, 13 ఆంప్స్ దానికి లెక్కే కాదు. ధర తేడా మీ మెషీన్ ధరలో ఎంతో చూసుకుంటే మాట్లాడాల్సిన పనే లేదు.

20 ఆంప్స్ ఎంసీబీ ఎందుకు, 16 చాలదా అని మీరు అడగొచ్చు. ఎంసీబీ మీద రాసిన అంకె 30 డిగ్రీల దగ్గర లెక్కకట్టింది. మేడ మీద, ఎండ తగిలే గోడకి బిగించిన డీబీలో, పక్కపక్కనే వేడిగా ఉన్న ఎంసీబీల మధ్య అది అంతకన్నా ముందే పడుతుంది. రెండో మెషీన్ ఎంసీబీ దానికి ఆనుకునే ఉంటే ఇంకా ముందే. మధ్యాహ్నాలు ఊరికే పడిపోతుంటే జనం చేసే పని మీకు తెలుసు: ఎంసీబీ తీసేసి 32 వేస్తారు, వైరు మాత్రం పాత 2.5 అలాగే ఉంటుంది. అప్పుడు వైరుని కాపాడేవాళ్లు లేరు. 2.5 స్క్వేర్ ఎంఎం కండ్యూట్‌లో మామూలుగా 24 ఆంప్స్ మోస్తుంది కానీ, ఎండకి కాగిన స్లాబ్‌లోంచి పోతే ఆ సామర్థ్యంలోంచి ఐదో వంతు దాకా తీసేసి చూడాలి. అందుకే 4 అంటున్నాను. ఇంకో లాభం కూడా ఉంది. డీబీ నుంచి గదికి 20 మీటర్లు అనుకుంటే 2.5 వైరులో సుమారు 5 వోల్టులు పోతాయి, 4లో 3 వోల్టులు. పెద్ద తేడా కాదు, కానీ ఆ పోయే వోల్టులన్నీ మీరు డబ్బు కట్టి కొన్న కరెంటు గోడని వేడి చేయడమే. ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 694 అని ముద్ర ఉన్న ఎఫ్ఆర్ఎల్ఎస్ వైరు (త్వరగా అంటుకోని, పొగ తక్కువ వచ్చే రకం) బీవీకే అయ్యంగార్ రోడ్‌లో తీసుకోండి, కాయిల్ సీల్ మీరే విప్పండి. ఎర్త్ వైరు కూడా 4 వేయించండి.

బిగించేటప్పుడు తీగల పోగులని మెలిపెట్టి నేరుగా స్క్రూ కింద తోయడం కాదు, పిన్ లగ్ వేసి క్రింప్ చేయించండి. వారం నడిచాక మెయిన్ ఆఫ్ చేయించి ప్రతి స్క్రూనీ మళ్లీ ఒకసారి బిగించమనండి. రాగి మెత్తని లోహం, మొదటి వేడికి కొంచెం అణుగుతుంది. ఎలక్ట్రీషియన్ ఆ రెండో రాకకి డబ్బులు అడుగుతాడు, ఇవ్వండి. తర్వాత ఒక ఐఆర్ థర్మామీటర్ కొనుక్కుని నెలకోసారి ప్లగ్గులు, ఎంసీబీ ముఖాలు చూడండి. మొత్తం వేడెక్కడం కన్నా రెండిటి మధ్య తేడా ముఖ్యం. ఒకే లోడ్ ఉన్న రెండు ప్లగ్గుల్లో ఒకటి 40, ఇంకోటి 58 చూపిస్తే ఆ రెండోదాన్ని ఆ రోజే విప్పండి. మీవి సెకండ్‌హ్యాండ్ మెషీన్లు కాబట్టి పవర్ సప్లై ఇన్‌లెట్ పిన్నులని టార్చ్ వేసి చూడండి. రంగు మారి ఉంటే ఎంత మంచి కేబుల్ పెట్టినా దాన్నీ పాడుచేస్తాయి.

ఇక త్రీ ఫేజ్ సంగతి. ఓనర్ “మూడు ఫేజులూ ఉన్నాయి” అన్నారని రాశారు. మంచిదే, రెండు మెషీన్లని రెండు వేర్వేరు ఫేజుల మీద వేయించండి. కానీ అలా పంచితే న్యూట్రల్‌లో కరెంటు ఉండదు అనుకోవద్దు. మూడు మెషీన్లని మూడు ఫేజుల మీద పెడితే న్యూట్రల్‌లో చాలా తక్కువ ఉంటుంది. రెండే ఉంటే, న్యూట్రల్‌లో దాదాపు ఒక మెషీన్ అంత కరెంటు, అదే 13 ఆంప్స్, తిరిగి వస్తుంది. కాబట్టి న్యూట్రల్‌ని ఫేజ్ కన్నా సన్నగా వేయడానికి ఎవరైనా సాకు చెప్తే ఒప్పుకోవద్దు.

ఈ న్యూట్రలే త్రీ ఫేజ్ ఇళ్లలో అసలు ప్రమాదం. మీటరు బోర్డు దగ్గరో, స్తంభం దగ్గరో న్యూట్రల్ ఊడిపోయిందనుకోండి. అప్పుడు ఒక ఫేజ్ మీద ఉన్న వస్తువులు, ఇంకో ఫేజ్ మీద ఉన్న వస్తువులు రెండు ఫేజుల మధ్య 400 వోల్టుల మీద వరుసగా కలిసిపోతాయి. వోల్టేజ్ ఎలా పంచుకుంటాయంటే, లోడ్ ఎక్కువ ఉన్నవైపు తక్కువ, లోడ్ తక్కువ ఉన్నవైపు ఎక్కువ. మీ మెషీన్ 3 కిలోవాట్ల పెద్ద లోడ్. దాని మీద వోల్టేజ్ పడిపోయి అది బహుశా తనంతట తానే ఆగిపోతుంది, బతికిపోతుంది. కింద ఓనర్ ఇంట్లో ఇంకో ఫేజ్ మీద ఒక్క టీవీ, ఒక సెట్‌టాప్ బాక్స్ ఉంటాయి. వాటి మీద 300 పైన పడుతుంది. మీ మెషీన్ క్షేమం, ఆయన టీవీ బూడిద. ఆ తర్వాత ఆ ఇంట్లో మీరు ఎన్నాళ్లుంటారో నేను చెప్పక్కర్లేదు. దీనికి మందు త్రీ ఫేజ్ ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ రిలే, న్యూట్రల్ పోయినా గుర్తించే రకం, దాని కింద ఒక కాంటాక్టర్ (రిలే చెప్పగానే లైన్‌ని తెంచే పెద్ద స్విచ్). ఇంటి మొత్తానికి కలిపి మెయిన్ దగ్గర పెట్టిస్తే ఇంకా మంచిది, ఓనర్ సగం ఖర్చు పెట్టుకున్నా తప్పులేదు. ఆ రిలేలో తిరిగి ఆన్ అయ్యే టైముని మూడు నాలుగు నిమిషాలకి సెట్ చేయించండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వస్తే బెంగళూరులో కొమ్మ విరిగి లైన్ మీద పడటం, కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం మీకు తెలిసిందే. వచ్చిన మొదటి నిమిషంలో వోల్టేజ్ ఊగుతుంది, వీధిలో ఫ్రిజ్‌లూ ఏసీలూ అన్నీ ఒకేసారి లేస్తాయి. ఆ గొడవ సద్దుమణిగాక మీ మెషీన్లు లేస్తే చాలు.

మీ డీబీ పక్కన గుండ్రటి తిప్పుడు స్విచ్‌లు ఉన్నాయేమో చూడండి. ఫేజ్ సెలెక్టర్ అంటారు. ఒక ఫేజ్ పోతే దాన్ని తిప్పి ఇంకో ఫేజ్‌కి మారుస్తారు. ఫ్యాన్లు, లైట్లకైతే మంచి ఏర్పాటే. మైనింగ్ లైన్లు మాత్రం దాని గుండా పోకూడదు. ఒక రాత్రి ఒక ఫేజ్ పోతే ఇంట్లో ఎవరో అలవాటుగా అన్నీ ఒకే ఫేజ్‌కి తిప్పేస్తారు. రెండు మెషీన్లు కలిపి 26 ఆంప్స్, ఆ పైన ఇంటి లోడ్, అంతా ఒకే సర్వీస్ వైరు, ఒకే కటౌట్ (మీటరు దగ్గరి ఫ్యూజు) మీద పడుతుంది.

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి వైరింగ్ చేయించేవాళ్లకి ఒక హెచ్చరిక. వాళ్ల ఇళ్లలో మామూలు సాకెట్ 120 వోల్టులు. మైనింగ్ మెషీన్‌కి 240 కావాలి కాబట్టి రెండు లైవ్ వైర్ల మధ్య కలుపుతారు, న్యూట్రల్ వాడరు. అది చూసి ఒకాయన ఇక్కడ కూడా రెండు ఫేజులు తెమ్మని ఎలక్ట్రీషియన్‌తో వాదించాడు. మన దగ్గర రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు. మెషీన్‌కి కావలసింది ఒక ఫేజ్, న్యూట్రల్, ఎర్త్. 230 మనకి ఇంటికే వస్తోంది, ఈ విషయంలో మనమే అదృష్టవంతులం.

ఎర్తింగ్. మెషీన్ పెట్టె మీద చెయ్యి పెడితే జివ్వుమంటోంది అంటే ఎర్త్ అందట్లేదని అర్థం. పవర్ సప్లై లోపల ఫేజ్ నుంచీ, న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఊడితే బాడీ మీద సగం వోల్టేజ్, 115 వరకూ, తేలుతుంది. మల్టీమీటర్‌తో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి, 230 దగ్గర రావాలి. మెషీన్ ఫుల్ లోడ్‌లో ఉండగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకి మించితే ఎక్కడో న్యూట్రల్ లూజ్‌గా ఉందో, ఎర్త్ పిట్ ఎండిపోయిందో. న్యూట్రల్‌ని ఎర్త్‌గా వాడేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వాళ్లని మళ్లీ పిలవొద్దు. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే లైన్ కట్ చేసే స్విచ్) తప్పనిసరి. అయితే ఇందాక చెప్పిన కెపాసిటర్ల వల్ల ప్రతి పవర్ సప్లై కొంచెం కరెంటుని మామూలుగానే ఎర్త్‌లోకి వదులుతుంది. 30 ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. ఇల్లంతటికీ ఉన్న ఒకే ఆర్‌సీసీబీ కింద మెషీన్లు, రిగ్, కంప్యూటర్లు అన్నీ పెడితే అది ఊరికే పడుతుంటుంది, విసుగొచ్చి ఎవరో బైపాస్ చేస్తారు. అలా కాకుండా ఒక్కో మెషీన్‌కి ఎంసీబీ, ఆర్‌సీసీబీ కలిసి ఉండే ఆర్‌సీబీఓ ఒకటి పెట్టించండి, టైప్ ఏ అడగండి.

యూపీఎస్, ఇన్వర్టర్ మీద మీకున్న టెన్షన్ అనవసరం. మైనింగ్‌లో సగం చేసిన పని అంటూ ఏదీ ఉండదు. ప్రతి హ్యాష్, అంటే మెషీన్ కట్టే ఒక్కో లెక్క, ఒక కొత్త లాటరీ టికెట్. కరెంటు పోయిన గంట సేపు టికెట్లు కొనలేదు, అంతే, పాతవి పాడవ్వవు. ఇక ఇంటి ఇన్వర్టర్ అంటారా, 12 వోల్టులు 150 ఏహెచ్ బ్యాటరీలో ఉన్నది మొత్తం 1.8 యూనిట్లు. మీ ఒక్క మెషీన్‌ని అది కాగితం మీదైనా ముప్పావు గంట కూడా నడపలేదు. వాస్తవంలో ఇన్వర్టర్ ఆన్ అయిన క్షణమే ఓవర్‌లోడ్‌లో ఆగిపోతుంది, ఇంట్లో ఫ్యాన్లు కూడా పోతాయి. స్టెబిలైజర్ విషయంలో, సాయంత్రం ఏడు నుంచి పది మధ్య, మళ్లీ తెల్లవారుజామున, మెషీన్ నడుస్తుండగా వోల్టేజ్ రాసుకోండి. 210, 240 మధ్య ఉంటే ఏమీ అక్కర్లేదు. రోజూ 200 కిందకి పోతుంటే స్టెబిలైజర్ కన్నా ముందు లూజ్ కనెక్షన్లు, సర్వీస్ వైరు చూపించండి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. వీధి మొత్తానికీ తక్కువుంటే అప్పుడు 5 కేవీఏ సర్వో స్టెబిలైజర్ ఆలోచించండి.

జీపీయూ రిగ్‌కి గోడ సాకెట్ పెద్ద సమస్య కాదు, వెయ్యి పన్నెండొందల వాట్లు దాటదు. అక్కడ కాలేది పెట్టె లోపల. రైజర్ కార్డులకి (గ్రాఫిక్స్ కార్డుని మదర్‌బోర్డుకి కాస్త దూరంగా కలిపేవి) పవర్ ఇవ్వడానికి, సాటా (హార్డ్‌డిస్క్‌కి పవర్ ఇచ్చే కనెక్టర్) నుంచి మార్చే చిన్న వైర్లు ఇస్తారు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద 54 వాట్లకి మించి మోయకూడదు, కార్డు స్లాట్ నుంచి 75 వరకూ లాగగలదు. ఆ వైర్లు పారేసి, పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే ఆరు పిన్నుల పీసీఐఈ కేబుల్ పెట్టండి. ఇంతకీ 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ పద్ధతి వదిలేశాక ఆ రిగ్‌తో ఏం తీస్తారో నాకైతే అర్థం కాలేదు. గేమింగ్‌కి అమ్మేయడం నయం.

వేడి గురించి క్లుప్తంగా: పెట్టె లోపలికి పోయిన 3050 వాట్లూ వేడిగానే బయటికొస్తాయి. రెండు మెషీన్లు కలిపి దాదాపు 1.7 టన్నుల ఏసీ తోడాల్సినంత వేడి. ఏసీ పెట్టొద్దు, ఆ బిల్లు కూడా తోడవుతుంది. ఒక గోడ నుంచి చల్లగాలి, ఎదుటి గోడ నుంచి ఎగ్జాస్ట్. బెంగళూరు వాతావరణంలో ఏడాదిలో ఎక్కువ భాగం అది సరిపోతుంది. చెన్నైలో మీ స్నేహితుడు పెట్టాలనుకుంటున్నాడన్నారు కదా, మే నెలలో అక్కడ కుదరదు. శబ్దం 75 డెసిబెల్స్ దాకా ఉంటుంది, పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకోండి.

ఇప్పుడు బిల్లు. ఒక మెషీన్ రోజుకి 73 యూనిట్లు. కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకి 200 యూనిట్ల లోపు ఉచితం వస్తోందంటే, అది మూడో రోజు సాయంత్రానికే అయిపోతుంది. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. మీ ఓనర్‌కి ఇది తెలియకపోతే మొదటి బిల్లు రోజున తెలుస్తుంది. బిల్లు మీద మంజూరు లోడ్ మూడో, నాలుగో, ఐదో కిలోవాట్లు ఉంటుంది. మీ రెండు మెషీన్లే 6.1. ఇంటి లోడ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కలిపితే 11, 12 కిలోవాట్లకి బెస్కామ్‌లో (బెంగళూరు కరెంటు సంస్థ) దరఖాస్తు పెట్టాలి. అది ఓనర్ పేరు మీద, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ ద్వారా. పెంచిన ప్రతి కిలోవాట్‌కీ వాడినా వాడకపోయినా నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ ఉంటుంది. పెంచుకోకుండా నడిపేద్దాం అంటే, డిజిటల్ మీటరు గరిష్ఠ డిమాండ్‌ని రాసుకుంటూనే ఉంటుంది. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే అది విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కిందకి వస్తుంది: మంజూరు చేసిన అవసరానికి కాకుండా వేరేదానికి వాడటం. వర్తించే టారిఫ్‌కి రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలు లెక్కకడతారు. నోటీసు వచ్చేది మీకు కాదు, మీటరు ఎవరి పేరు మీద ఉందో వాళ్లకి. కాబట్టి ఏ కేటగిరీలో తీసుకోవాలో సబ్‌డివిజన్ ఆఫీసులో ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

మీరు అడగకపోయినా లాభం లెక్క ఒకసారి చూపిస్తాను. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (మైనింగ్ బహుమతి సగానికి తగ్గడం) తర్వాత ఒక్కో బ్లాక్‌కి 3.125 బిట్‌కాయిన్లు, రోజుకి సుమారు 144 బ్లాకులు, అంటే 450. ప్రపంచం మొత్తం నెట్‌వర్క్ హ్యాష్‌రేట్‌ని (సెకనుకి కట్టే లెక్కల వేగం) 900 ఎక్సాహ్యాష్ అనుకుంటే, ఒక ఎక్సా అంటే పది లక్షల టెరా కాబట్టి, మీ 100 టెరాహ్యాష్ మెషీన్ వాటా 90 లక్షల్లో ఒకటి. రోజుకి 0.00005 బిట్‌కాయిన్. యూనిట్ అన్నీ కలిపి 7 రూపాయలు అనుకుంటే రోజు కరెంటు 512 రూపాయలు. భాగించి చూడండి: బిట్‌కాయిన్ ధర కోటీ రెండు లక్షలు ఉంటేనే కరెంటు ఖర్చు సరిగ్గా వస్తుంది, వైరింగ్, మెషీన్ ధర పక్కన పెడితే. ఆ పైన 2022 ఏప్రిల్ నుంచి ఈ లాభం మీద 30 శాతం పన్ను ఉంది. మైనింగ్‌కి పెట్టిన ఖర్చుని కొన్న ధరగా చూపించి తీసేయడానికి వీల్లేదని ప్రభుత్వం పార్లమెంటులోనే చెప్పింది. నెట్‌వర్క్ పెరిగితే మీ వాటా ఇంకా తగ్గుతుంది. ఆ రోజు ధర, ఆ రోజు హ్యాష్‌రేట్ పెట్టి మీరే లెక్క కట్టుకోండి. నన్ను అడిగితే, లోడ్ పెంచడానికి డిపాజిట్ కట్టే ముందు ఒక మెషీన్‌ని అమ్మేస్తాను. నేర్చుకోవడానికి ఒకటి చాలు.

ఒకటే పెట్టినా పైన చెప్పిన వైరింగ్ మారదు. ఇంకో రెండు చిన్న విషయాలు. మెషీన్ల ఐసోలేటర్ (లైన్ మొత్తం ఆపే స్విచ్) గది లోపల కాదు, తలుపు బయట, చెయ్యి అందే ఎత్తులో పెట్టించండి. పొగ వచ్చినప్పుడు లోపలికి వెళ్లి స్విచ్ వెతికే పరిస్థితి ఉండకూడదు. గదిలో ఒక స్మోక్ అలారం, తలుపు బయట కార్బన్ డయాక్సైడ్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి. అట్టపెట్టెలు, థర్మకోల్, పాత పరుపులు ఆ గదిలోంచి తీసేయండి. మేడ మీద గది అనగానే ఇల్లంతా సామాను అక్కడికే చేరుతుంది. డీబీ ఫోటో, బిల్లు మీద మంజూరు లోడ్ ఉన్న భాగం పెడితే, ఏ ఎంసీబీ ఎక్కడ రావాలో గీసి చూపిస్తాను. ఆర్ఆర్ నంబరు (బిల్లు మీద ఉండే కనెక్షన్ నంబరు), పేరు చెరిపేసి పెట్టండి.